తెల్ల పిలక

అనగనగా ఒక అడవిలో, అడవి అంటే మీరనుకునే పచ్చటి అడవి కాదర్రా, రాళ్ళూ ముళ్ళపొదలూ తప్ప చారెడు నీడ దొరకని ఎర్రగుట్ట అడవిలో, ఒక కౌజు పిట్ట ఉండేది. దాని పేరు గంగరేణి. ఒళ్ళు చూస్తే పిడికెడు. నడక చూస్తే గుట్ట పెత్తనమంతా తనదే అన్నట్టు ఉండేది. దాని మగడి పేరు కొర్రయ్య. అతను మంచివాడే, కాస్త పిరికివాడు. నేలమీద గూడు పెట్టుకునేవాళ్ళకి ఆమాత్రం పిరికితనం ఉండాలి లెండి.

కౌజు పిట్టలు చెట్ల మీద గూడు కట్టవు. ఏ పొద కిందో నేల గీరి, నాలుగు గడ్డిపోచలు పరిచి, అందులోనే గుడ్లు పెడతాయి. దారిన పోయే ప్రతివాడికీ అవి అందుబాటులోనే ఉంటాయి. గంగరేణి మొదటిసారి పెట్టిన గుడ్లని ముంగిస తినేసింది. రెండోసారి పెట్టినవి ఉడుము మింగేసింది. మూడోసారివి నక్క నాకేసింది. ఇప్పుడు నాలుగోసారి ఏడు గుడ్లు పెట్టింది. ఈసారైనా ఒక్క పిల్ల మొహం చూడాలని దాని ఆశ. ఆ గుడ్లు ఉన్నది బలుసుపొద కింద, ఒక మొక్క పక్కన. మన కథ ఆ మొక్కదే.

మామూలు కలబంద మీరంతా చూసే ఉంటారు. చెయ్యి కాలితే అమ్మ గుజ్జు తీసి రాస్తుందే, అదే. ఇది దానికి చెల్లెలి వరస. చారల కలబంద అంటారు. మొక్కంతా కలిపి జానెడు. ముదురాకుపచ్చ ఆకులు ఒకదాని మీద ఒకటి మెలిక తిరిగి సర్దుకుని కూర్చుంటాయి. ఆకు ఆకుకీ అడ్డంగా తెల్లటి చారలు. ఆ చారలు అచ్చం కౌజు పిట్ట రొమ్ము మీది చారలే. గంగరేణి వెళ్ళి దాని పక్కన కూర్చుంటే, ఆకేదో పిట్టేదో తేల్చుకోవడానికి డేగ కూడా రెండుసార్లు చూడాల్సిందే. ఒక పిట్టకీ ఒక మొక్కకీ ఒకే రకం చారలు ఎవరు గీశారో, ఎందుకు గీశారో నాకు తెలీదు. తెలిసినవాళ్ళు ఇంతవరకూ నాకు కనబడలేదు.

అది గుట్ట మీదికి ఎలా వచ్చిందంటారా? కింద ఘాట్ రోడ్డులో మొక్కలమ్మే బండి ఒకటి ఒరిగిందట. కుండీ ఒకటి దొర్లి పగిలిందట. కొండముచ్చు ఒకటి, తినేదేమో అనుకుని, ఆ మొక్కని పైదాకా మోసుకొచ్చి ఒక్క ఆకు కొరికిందట. అంత చేదు దాని వంశంలో ఎవరూ తినలేదు. అక్కడే విసిరేసి పోయింది. విసిరేసిన చోట మొక్క బతికింది. ఇదంతా గంగరేణి అమ్మమ్మ చెప్పిన మాట.

అప్పటినుంచి ఆ మొక్కని చూసుకునే పని ఆ ఇంటి ఆడవాళ్ళది. అమ్మమ్మ నుంచి అమ్మకి, అమ్మ నుంచి గంగరేణికి వచ్చింది. ఎండుటాకు రాలి మొక్క నడిమి మొవ్వులో పడితే ముక్కుతో తీసేయాలి. తీయకపోతే అక్కడ వాననీరు నిలిచి మొవ్వు కుళ్ళిపోతుంది. మొదలు దగ్గర జిగట మట్టి చేరితే కాళ్ళతో గీరి పారేసి, గులకరాళ్ళు చేర్చాలి. ఆకుల సందుల్లో పిండినల్లి పట్టిందా, ఒక్కొక్క పురుగునీ ఏరి తినాలి. ఆ ఒక్క పని చెయ్యమని ఎవరూ గంగరేణిని బతిమాలక్కర్లేదు.

అన్నిటికన్నా పెద్ద పని, ఎవరూ నీళ్ళు పొయ్యకుండా చూడటం. నవ్వకండి. ఒక ఎండాకాలం అడవిపంది అటుగా వచ్చి, "అయ్యో, పిల్లది మాడిపోతోంది కదమ్మా" అని వాగులో పొర్లి వచ్చి, ఒంటి మీది బురదంతా మొక్క మీద దులిపింది. జాలి గుండె దానిది, కాదనలేం. గంగరేణి రెండు రోజులు తిండి మానేసి ఆ బురదంతా గీకి పారేసింది. మొక్క బతికింది. పంది మాత్రం అలిగి నెల్లాళ్ళు మాట్లాడలేదు.

ఆ మొక్క రెండు మూడేళ్ళకోసారి పక్కన పిలకలు వేస్తుంది. అరటి పిలకలు చూశారు కదా, అలాగే. పిలక కాస్త ఎదిగాక తల్లి నుంచి విడదీసి వేరే నాటవచ్చు. దానికి అమ్మమ్మ ఒక మాట చెప్పింది. "గాయం ఆరనిదే మన్ను ముట్టించకు." విడదీసిన పిలకని ఏడు రోజులు నీడలో, రాతి మీద ఊరికే పడుకోబెట్టాలి. మన్ను తగలకూడదు, నీళ్ళు తగలకూడదు. తెగిన చోటు ఎండి పొక్కు కట్టాకనే గులకలో నిలబెట్టాలి. పచ్చిగాయం మీద మట్టి పడిందో, కుళ్ళే.

కిందటేడు తల్లిమొక్క మూడు పిలకలు వేసింది. ఒకటి చారే లేని ఉత్త పచ్చ పిలక. ఒకటి తల్లిలాగే చారల పిలక. మూడోది తెల్లది. చారలు కాదర్రా, మొత్తం తెలుపు. మొదలునుంచి కొనదాకా ఒక్క పచ్చ గీత లేదు. పొద్దున ఎండ దాని మీద పడితే లోపల దీపం పెట్టినట్టు ఉండేది. దాన్ని చూడటానికి కుందేళ్ళు వచ్చాయి. వాగు అవతలినుంచి జింకలు వచ్చి దండం పెట్టాయి. ఎవరి మొహమూ చూడని ఏదుపంది కూడా పగటిపూట లేచి వచ్చి, చూసి వెళ్ళిపోయింది.

గంగరేణి మూడు పిలకల్నీ ఒకే రోజు విడదీసింది. మూడింటినీ ఏడేసి రోజులు ఆరబెట్టింది. మూడింటినీ ఒకే గులకలో, ఒకే వరసలో నాటింది. పచ్చ పిలక మూడు వారాల్లో వేళ్ళు తన్ని దున్నపోతులా పెరిగింది. చారలది నింపాదిగా నిలదొక్కుకుంది. తెల్లది నెల రోజులు ఏ మార్పూ లేకుండా మెరిసింది. నెల తిరిగేసరికి వడిలింది. ఆ తర్వాత ఉల్లిపొట్టులా ఎండిపోయింది. గంగరేణి దాని పక్కన కూర్చుని ఏడ్చింది. తనే ఏదో తప్పు చేశాననుకుంది. తప్పేమిటో ఎంత ఆలోచించినా తెలియలేదు.

ఈ ఏడు తల్లిమొక్క మళ్ళీ ఒక తెల్ల పిలక వేసింది. ఈసారి గంగరేణి దాన్ని ముట్టుకోలేదు.

ఆ ఎండాకాలం ఎర్రగుట్ట మీద రాళ్ళు పేలాయి. వాగు ఎండింది. బలుసుపొద ఆకంతా రాల్చేసింది. తల్లి కలబంద రోజురోజుకీ చిక్కిపోయింది. ఆకులు పలచబడి, ఎరుపెక్కి, లోపలికి ముడుచుకున్నాయి. తెల్ల పిలక మాత్రం చిక్కలేదు. నిండుగా, నున్నగా, చిన్నపిల్ల వేళ్ళలాగా బొద్దుగా ఉంది. గంగరేణికి ఇది అంతుబట్టలేదు. ఒకే పొద, ఒకే ఎండ, ఒకే కరువు. తల్లి ఎండుతోంది, పిల్ల నిండుతోంది.

ఒక సాయంత్రం అది మెల్లగా కాలితో గులక పక్కకి జరిపి చూసింది. తల్లికీ పిలకకీ మధ్య, మట్టి కింద, చిటికెనవేలంత లావు కాడ ఒకటి కనబడింది. పిలక కింద సొంత వేళ్ళు పోగుల్లా రెండో మూడో ఉన్నాయి, అంతే. పిలకకి అందే తిండంతా ఆ కాడలోంచే వస్తోంది. గంగరేణి తల ఎత్తి పచ్చ పిలకని చూసింది. చారల పిలకని చూసింది. ఉల్లిపొట్టులా పడి ఉన్న పాత తెల్ల పిలకని చూసింది. అప్పుడు తెలిసింది.

ఆకులో పచ్చదనం ఉంటేనే మొక్క ఎండని వండుకు తింటుంది. పచ్చదనమే దాని పొయ్యి. తెల్ల పిలకకి పొయ్యి లేదు. అది ఒక్క మెతుకు కూడా తనంతట తాను వండుకోలేదు. తల్లి తన పచ్చ గీతల్లో ఉన్నంతా వండి, తను పస్తుండి, మట్టి కింద ఎవరికీ కనబడకుండా దానికి పెడుతోంది. అడవంతా వచ్చి దండం పెట్టేది పిల్లకి. తల్లిని చూడటానికి ఇంతవరకూ ఒక్కరూ రాలేదు.

ఇంతకాలం ఇంత దగ్గర ఉండి కూడా తను చూడని సంగతి ఇంత పెద్దది ఉందని గంగరేణికి భయం వేసింది. కాడ మీద మళ్ళీ జాగ్రత్తగా గులక కప్పింది. కప్పి, చాలాసేపు అక్కడే రెక్కలు ముడుచుకుని నిలబడింది. కొర్రయ్య వచ్చి, "ఏమే రేణీ, గుడ్లు చల్లబడతాయి, రా" అని పిలిస్తే గాని కదల్లేదు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆపద మర్నాడు పొద్దున వచ్చింది.

ఎర్రగుట్టకి పెద్ద ఒక ఆడ చిరుత. అందరూ దొరసాని అంటారు. ఆవిడకి ఆ ఏడు ఒకే ఒక్క పిల్ల పుట్టింది. ఒంటి మీద ఒక్క మచ్చ లేకుండా, తెల్లగా, వెన్నముద్దలా పుట్టింది. దొరసాని మురిసిపోయింది. అప్పుడు శకునాలు చెప్పే కొండముచ్చు ఒకటి వచ్చింది. అది ఊళ్ళలో ఇళ్ళ కప్పుల మీద తిరిగి వచ్చినది. నాలుగు ఊళ్ళు చూసింది కనుక తనకి తెలియనిది లేదని దాని నమ్మకం.

"ఇది మామూలు పిల్ల కాదు దొరసానీ, మహిమగల పిల్ల," అంది కొండముచ్చు. "మచ్చల తల్లి పక్కలో పడుకుంటే మచ్చలు అంటుకుంటాయి. శిఖరం మీది గుహలో వేరే ఉంచండి. అందరూ వచ్చి దండం పెట్టుకుంటారు. సేవ సంగతి నేను చూసుకుంటాను."

పొగడ్త వింటే పులికైనా ఒళ్ళు తెలీదు. దొరసాని ఒప్పుకుంది. పిల్లని శిఖరం మీది గుహలో పెట్టారు. జంతువులు వరసకట్టి వచ్చి దండాలు పెట్టాయి. దొరసాని కింద బండ మీద కూర్చుని మెడ ఎత్తి చూసేది. నాలుగు రోజులు గడిచాయి. మొదటి రోజు గుట్టంతా వినబడిన పిల్ల అరుపు నాలుగో రోజుకి సన్నబడింది.

"దిష్టి తగిలింది," అంది కొండముచ్చు. "ఊళ్ళో మనుషులు గుమ్మానికి కలబందని తలకిందులుగా కడతారు. వేళ్ళు పైకి, ఆకులు కిందికి. మట్టి ఉండదు, నీళ్ళుండవు. అయినా ఏళ్ళ తరబడి బతుకుతుంది. నా కళ్ళతో చూశాను. పూలు కూడా పూస్తుంది. అది బతికినంతకాలం ఇంటికి దిష్టి తగలదు. వాడిపోతే మాత్రం కీడు. తెల్ల పిల్లకి తెల్ల కలబందే కట్టాలి."

అదీ సంగతి. కొండముచ్చు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. గుమ్మానికి కట్టిన కలబంద నిజంగానే బతుకుతుంది. కాకపోతే ఊళ్ళో కట్టేది పచ్చ కలబంద. కొండముచ్చు కలబందని చూసింది కానీ పచ్చదనాన్ని చూడలేదు.

అది ఎగురుకుంటూ బలుసుపొద దగ్గరికి వచ్చింది. "ఏమ్మా గంగరేణీ, నీ పంట పండింది. దొరసానిగారి తెల్ల పిల్లకి దిష్టి తగిలింది, గుహ గుమ్మానికి కట్టడానికి నీ తెల్ల పిలక కావాలి, అది వాడిందంటే కీడు. రేపు పొద్దున ఆవిడే స్వయంగా వస్తున్నారు. పిలకని విడదీసి సిద్ధంగా ఉంచు."

గంగరేణి గుడ్ల మీదినుంచి లేచి వచ్చింది. "ఇంకేదైనా అడగమను అన్నా. చారల పిలక ఇస్తాను. పచ్చది ఇస్తాను."

"నీతో బేరమాడటానికి రాలేదమ్మా. ఊరికే కూడా అడగటం లేదు. పిలక గుమ్మానికి కట్టిన రోజునుంచి నీ గూడు దొరసాని కాపలాలో ఉంటుంది. ముంగిస, ఉడుము, నక్క, ఎవరూ ఈ పొద వైపు చూడరు. ఆవిడ మాట ఇచ్చారు." ఇంత చెప్పి కొండముచ్చు వెళ్ళిపోయింది.

కొర్రయ్య ఒక్క గంతు వేశాడు. "రేణీ, మనకి దేవుడు కనబడ్డాడే."

"ఆ పిలక విడదీస్తే చస్తుంది మావా."

"ఎప్పుడు చస్తుంది? నెలకి. నువ్వే చెప్పావుగా, కిందటేడు నెల రోజులు మెరిసిందని. మన గుడ్లు పిగలడానికి ఇరవై రోజులు. ఇంకో పది రోజుల్లో పిల్లలు పరుగులు పెడతాయి. లెక్క అతికినట్టు సరిపోయింది. అది వాడేనాటికి మనం గుట్ట దిగి అవతలి అడవిలో ఉంటాం."

"వాడితే కీడని వాళ్ళు నమ్ముతున్నారు కదా. ఆ తల్లి గుండె పగిలిపోదూ?"

"ముంగిస తిన్నప్పుడు నీ గుండె పగల్లేదూ? ఉడుము మింగినప్పుడు? నక్క నాకినప్పుడు? అప్పుడెవరు వచ్చారే నీ గుండె చూడటానికి?"

కొర్రయ్య చెడ్డవాడు కాదర్రా. మూడుసార్లు పోగొట్టుకున్నవాడు. అతను గుడ్ల మీద కూర్చున్నాడు. గంగరేణి పిలక దగ్గరికి నడిచింది. గులక పక్కకి జరిపింది. కాడ కనబడింది. ముక్కు దానికి ఆనించింది. అంత ఎండలోనూ ఆ కాడ చల్లగా ఉంది. రెండు పోట్లు పొడిస్తే తెగిపోతుంది. ఏడు పిల్లలు బతుకుతాయి.

అప్పుడే పైనుంచి, శిఖరం వైపునుంచి, ఒక అరుపు వినబడింది. అరుపు అనడానికి కూడా లేదు, మూలుగు. గంగరేణి తల ఎత్తింది. మళ్ళీ వినబడుతుందేమోనని చూసింది. వినబడలేదు. అది కాడని తెంచలేదు. అలాగని తెంచనని గట్టిగా అనుకోనూ లేదు. గులక కప్పి వచ్చి గుడ్ల పక్కన కూర్చుంది.

మర్నాడు పొద్దున దొరసాని వచ్చింది. వెనకాల కొండముచ్చు వచ్చింది. ఇద్దరూ వచ్చి పొద ముందు నిలబడ్డారు. గంగరేణి ఆవిణ్ణి అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. చూసి ఆశ్చర్యపోయింది. ఆవిడ కళ్ళు లోతుకి పోయాయి. పొట్ట కింద పాలు గడ్డకట్టి సలుపుతున్నాయేమో, నిలబడటానికి కూడా బాధపడుతోంది.

"పిలక ఏది?" అంది దొరసాని.

గంగరేణి గుడ్లని ఒకసారి చూసుకుంది. ఏడు. లేచి వచ్చి తెల్ల పిలకకీ చిరుతకీ మధ్య నిలబడింది. పిడికెడు పిట్ట. చిరుత ఊపిరి వదిలితే దాని ఈకలు కదులుతున్నాయి.

"విడదియ్యలేదు దొరసానీ. విడదీస్తే నెలకి చస్తుంది. నెలదాకా బాగానే కనబడుతుంది. ఇచ్చి ఊరుకుంటే నా పిల్లలు బతుకుతాయి. మీ దగ్గర అబద్ధం చెప్పలేకపోతున్నాను."

పొద కింద కొర్రయ్య కళ్ళు మూసుకున్నాడు.

"ఇది పిసినారి పిట్ట దొరసానీ," అంది కొండముచ్చు. "మట్టి, నీళ్ళు లేకుండా బతికే జాతి ఇది. నేను చూశాను."

దొరసాని కొండముచ్చు వైపు చూడలేదు. "ఎలా తెలుసు నీకు?" అని పిట్టని అడిగింది.

"ఇటు చూడండి. ఈ పచ్చది, ఆ చారలది, అక్కడ ఎండిపోయిన ఆ తెల్లది. మూడూ ఒక తల్లి పిలకలే. మూడింటినీ నేనే ఒకే రోజు విడదీశాను."

దొరసాని వంగి ఆ ఎండిన పొట్టుని వాసన చూసింది. "దీనికి ఎండ తగల్లేదా?"

"తగిలింది. మూడింటికీ ఒకే ఎండ."

"మంచి చోట నాటలేదా?"

"మంచి చోటే. మూడూ ఒకే వరసలో ఉన్నాయి, చూడండి."

"ఎవరూ పట్టించుకోలేదా?"

"అడవంతా వచ్చి దీన్నే చూసింది దొరసానీ. దండాలు దీనికే పెట్టారు. మిగతా రెండింటినీ చూసినవాళ్ళే లేరు."

"మరి దీనికేం తక్కువైంది?"

"తల్లి తక్కువైంది."

గంగరేణి కాలితో గులక జరిపి ఆ కాడ చూపించింది. "పచ్చ గీత ఉన్నవాళ్ళు వండుకు తింటారు దొరసానీ. తెల్లగా పుట్టినవాళ్ళకి ఆ దారి లేదు. ఇదిగో, ఈ కాడ ఒక్కటే దారి. తల్లి ఎంత చిక్కిపోయిందో చూశారా? ఉన్నదంతా దానికే పెడుతోంది. ఎంత అందంగా ఉందో అంత వట్టిది ఈ పిలక. దాని అందమంతా తల్లి ఒంట్లోంచి వచ్చిందే."

దొరసాని ఆ కాడని చూసింది. పొద్దు పొద మీదికి ఎక్కింది. తెల్ల పిలక మీద ఎండ పడి లోపలినుంచి వెలిగింది. దాని పక్కన తల్లి, ఎరుపెక్కి, ముడుచుకుపోయి, ఒక్క అంగుళం కూడా పక్కకి ఒరగకుండా నిలబడి ఉంది. చిరుత అలా చూస్తూనే ఉంది. ఆవిడ పొట్ట కిందినుంచి ఒక పాలచుక్క జారి రాతి మీద పడింది.

దొరసాని తల తిప్పకుండానే అడిగింది. "కొండముచ్చూ, పిల్లాడు నిన్న ఏం తిన్నాడు?"

"మహిమగల పిల్లలు అట్టే తినరు దొరసానీ."

"మొన్న?"

"తేనె నాకించాం. ఉమ్మేశారు."

"అంతకు ముందు?"

"నేరేడుపళ్ళు..." అని కొండముచ్చు నసిగింది. చిరుతపిల్లకి నేరేడుపళ్ళు పెట్టినవాణ్ణి మీరెక్కడైనా చూశారా? నేను చూడలేదు. చూసినా నమ్మేదాన్ని కాదు.

దొరసాని దాన్ని కొట్టలేదు, తిట్టలేదు. ఒక్క దూకు దూకింది. రాళ్ళ మీదినుంచి, ముళ్ళ మీదినుంచి, వరసలో నిలబడ్డ జంతువుల తలల మీదినుంచి శిఖరానికి పోయింది. కొండముచ్చు ఆవిడ తిరిగి వచ్చేలోగా గుట్ట దిగింది. మళ్ళీ ఆ చుట్టుపక్కల కనబడలేదు.

కాసేపటికి దొరసాని దిగి వచ్చింది. నోట్లో మెడ పట్టుకుని తెల్ల పిల్ల వేలాడుతోంది. కాళ్ళు గాలిలో ఊగుతున్నాయి, ప్రాణం ఉందో లేదో తెలీనట్టుగా. ఆవిడ తన పాత గుహదాకా కూడా పోలేకపోయింది. బలుసుపొదకి పది అడుగుల్లో ఉన్న బండ కింద పడుకుని, పిల్లని పొట్టకి అదుముకుంది. పిల్ల కదల్లేదు. ఆవిడ నాకింది. కదల్లేదు. మళ్ళీ నాకింది. మూడోసారి నాకేసరికి పిల్ల ముక్కు అటూ ఇటూ వెతికింది, దొరికింది, పట్టుకుంది. గుటక వేసిన చప్పుడు పొద దాకా వినబడింది. గంగరేణి, కొర్రయ్య ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

గూడు కాపలా సంగతి దొరసాని ఎత్తలేదు. గంగరేణీ అడగలేదు. పిలక ఇవ్వలేదు కనుక మాట కూడా లేనట్టే అనుకుంది. కానీ దొరసాని ఆ బండ వదల్లేదు. పిల్లకి బలం వచ్చేదాకా నెల రోజులు అక్కడే ఉంది. చిరుత పిల్లని పెట్టుకుని పడుకున్న చోటికి ఏ ముంగిస వస్తుంది, ఏ నక్క వస్తుంది? ఉడుము ఒకటి తెలియక అటు వచ్చి, బండ కింద మచ్చలు చూసి, వచ్చిన దారినే వెనక్కి నడిచింది. ఇరవై రోజులకి గుడ్లు పిగిలాయి. ఏడింట్లో ఒకటి మురిగిపోయింది. ఆరు పిల్లలు బయటికి వచ్చాయి. కొర్రయ్య వాటిని లెక్కపెడుతూ ప్రతిసారీ తప్పాడు. మళ్ళీ మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

వానలు పడ్డాయి. తల్లి కలబంద ఒళ్ళు చేసింది. చలి తిరిగాక ఆకుల మధ్యనుంచి ఒక కాడ లేచి, పగడాల రంగు పూలు గుత్తిగా పూసింది. తెల్ల పిలక దాని పక్కనే, దాన్ని ఆనుకుని, అలాగే ఉంది. ఆ పూలని చూస్తూ గంగరేణి తిండి సంగతి మరిచిపోయిన రోజులున్నాయి.

ఒకరోజు పొద్దున దొరసాని కొడుకుని వెంటబెట్టుకుని అటుగా వచ్చింది. వాడు బాగా ఎదిగాడు. ఒళ్ళంతా ఇప్పటికీ తెలుపే. పొద ముందు ఆగిపోయాడు. తెల్ల పిలకని చూశాడు. తన పంజా చూసుకున్నాడు. మళ్ళీ పిలకని చూశాడు.

"అమ్మా, ఇది నాలాగే ఉంది," అన్నాడు గుసగుసగా. "మన గుహకి తీసుకెళ్ళిపోదామా?"

గంగరేణి ఎదిగిన పిల్లల్ని పొద వెనక్కి తోలి, పిలక పక్కకి వచ్చి నిలబడింది.

దొరసాని కొడుకు పక్కన కూర్చుంది. తల్లి కలబంద ముందు నెమ్మదిగా తల వంచింది. అంతకుముందు ఆ గుట్ట మీద ఆ మొక్కకి తల వంచినవాళ్ళు లేరు.

"వద్దు నాయనా," అంది. "దానికి ఇక్కడ వాళ్ళమ్మ ఉంది. చూడాలనిపించినప్పుడల్లా మనమే వద్దాం."

నీతి: మురిపించేది తెల్ల చార, కూడు పెట్టేది పచ్చ చార. అబ్బురమైనది కనబడితే ఎత్తుకుపోకండి. అది ఎవరిని పట్టుకుని బతుకుతోందో చూసి, ముందు వాళ్ళకి దండం పెట్టండి.